వాగు ఇవతలి తల్లిగారిల్లు

పోయిన ఆదివారం మా అత్తమ్మ కన్నుమూసింది. మడికొండలో మా ఇంటి ముందు చుట్టాలింకా చేరకముందే, ములుగు అవతలి మా పుట్టినూరి నుంచి జీపు నిండా ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని దిగారు. అత్తమ్మ సొంత చెల్లెలికన్నా గట్టిగా ఏడ్చారు. వీళ్లంతా ఎవరని పక్కింటివాళ్లు అడిగితే చుట్టాలేనన్నాను. ఆ చుట్టరికం ఎలా కలిసిందో చెప్పాలి.

అత్తమ్మది పెద్ద గొంతు. ఫోన్‌లో మాట్లాడితే అవతలివాళ్లకు ఫోన్ అక్కర్లేదు. కూరలో చింతపండు ఎక్కువైందంటే ఇంకో గరిటె వడ్డించేది. కాపురానికి వచ్చిన కొత్తలో నేను ఆమె ముందు నోరు విప్పితే ఒట్టు.

నాకు నెలలు నిండేది వానాకాలంలో. మాలో తొలికాన్పు తల్లిగారింట్లోనే జరగాలి, ఖర్చంతా వాళ్లదే. మా ఊరి దారిలో వాగుంది. అది పొంగితే జీపు కదలదు. మా అక్క అలాగే ఇంట్లో నొప్పులు పడింది, బిడ్డ దక్కలేదు. అయినా నాన్న నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. కూతురి తొలికాన్పు అత్తగారి నెత్తిన వేశాడన్న మాట ఆయన పడలేడు. నాకేమో పోవాలని లేదు.

అత్తమ్మ ఆయనకు చాయ్ ఇచ్చి కూర్చోబెట్టింది. వాగుకు ఇవతల, పట్నంలో మట్టెవాడలో ఉన్న తన చెల్లెలింట్లో ముందుగది ఖాళీగా ఉందనీ, సర్కారు దవాఖాన దగ్గరేననీ, కాన్పుకు అక్కడ పైసా కట్టక్కర్లేదనీ చెప్పింది. నాన్న రివాజు సంగతి ఎత్తాడు.

“రివాజును ఇడువుమని ఎవరన్నరు అన్నా? ఎంట తెచ్చుకో. వదినెను తోల్కరా, నీ బియ్యం తే, తలుపుకు నీ తాళం పెట్టు. ఇగ అది నీ ఇల్లు గాదా?”

నాన్న చాయ్ తాగేసి ఒప్పుకున్నాడు. బియ్యం బస్తా, రెండు కోళ్లు, అమ్మ, ఊరి తాళం, అన్నీ మట్టెవాడ చేరాయి. వాగు పొంగి ఊరి దారి మూసుకుపోయిన రోజునే నాకు దవాఖానలో కూతురు పుట్టింది. బంగారంలాంటి పిల్ల.

మరుసటి ఏడు మా ఊరి ఇంకో తల్లి తన కూతురిని అదే గదికి తెచ్చింది. ఆ తర్వాత ఆ గది ఖాళీగా ఉన్నది తక్కువ. ఇప్పుడు మా ఊళ్లో తొలికాన్పుకు ఎక్కడికంటే, మట్టెవాడ తల్లిగారింటికని చెప్తారు. అది మా అత్తమ్మ గెలుపు. గర్వంగానే రాస్తున్నాను.

ఆ తొలిసారి, దవాఖాన నుంచి నేను బిడ్డతో గదికి చేరేసరికి అత్తమ్మ అక్కడ లేదు, మడికొండ వెళ్లిపోయిందన్నారు. మర్నాడు కొత్త చీర కట్టుకుని, అరటిపళ్లు పట్టుకుని వచ్చి గడప బయట ఆగింది. లోపలికి రమ్మని నేను పిలిస్తే నా వైపైనా చూడలేదు. మా అమ్మను అడిగింది.

“వదినె, మీ ఇంటికొచ్చిన. మనుమరాలిని జూడొచ్చా?”

కాళ్లు కడుక్కోవడానికి అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చేదాకా, నాన్న ఎదురొచ్చి రా చెల్లె అని పిలిచేదాకా, సొంత చెల్లెలింటి గడప ముందు ఆమె చుట్టంలా నిలబడే ఉంది.