రాజమల్లన్న వ్యాన్ ఎందుకు కురిసింది

2023 వానాకాలం. గోదావరిఖనిలో బస్సు బాడీలు కట్టే నా షెడ్డు ముందు ఒక తెల్ల వ్యాన్ వచ్చి ఆగింది. అప్పటికే ఈ పనిలో నాకు ఇరవై ఏళ్లు దాటాయి. స్కూలు బస్సులు, అంబులెన్సులు, కార్మికులను షిఫ్టుకు తీసుకెళ్లే బస్సులు, ఏ బండి వచ్చినా వానాకాలంలో ఫిర్యాదు ఒకటే: పైన కురుస్తోంది. ఈ పని చేసేవాడికి అనుమానం జబ్బులా పట్టుకుంటుంది. నీళ్లు ఒకచోట దూరి, లోపలి వైపు మూడు నాలుగడుగులు పాకి, మరెక్కడో బొట్టు బొట్టుగా పడతాయి. బొట్టు పడిన చోటును నమ్మితే రోజంతా అక్కడే గోక్కుంటూ కూర్చోవాలి. అందుకే నేను బొట్టునూ నమ్మను, బండి తెచ్చినవాళ్లు చెప్పే కథనూ నమ్మను. ఈ గుణం ఇంట్లో కూడా చూపిస్తానని మా ఆవిడ తిడుతుంది, అది వేరే సంగతి.

ఆ వ్యాన్ నాకు కొత్తది కాదు. దాని కప్పు ఆ ఎండాకాలంలోనే నేను వేశాను. బండి రాజమల్లన్నది. భూగర్భ గనిలో టింబర్‌మ్యాన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. బొగ్గు తీసినచోట పైకప్పు కూలకుండా కర్ర స్తంభాలు నిలబెట్టడం ఆయన పని. రిటైరయ్యాక కమాన్‌పూర్ దగ్గర సొంతింటికి మారి, ఒక పాత టెంపో కొని దాన్ని క్యాంపర్ వ్యాన్ చేయించాడు. అంటే లోపలే మంచం, చిన్న గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు, ఫ్యాను అన్నీ ఉండే బండి. ఆలోచన మాత్రం ఆయన భార్య సరోజన వదినెది.

"ముప్పై ఏండ్లు ఆయన షిఫ్టులకే నా నిద్ర పోయింది మొగిలీ," అంది ఆమె నాతో, బండి తెచ్చిన మొదటి రోజే. "ఇప్పుడన్న ఇద్దరం ఊళ్లు తిరగాలె. దసరా పోంగనే రామేశ్వరం."

నిలబడటానికి వీలుగా పాత రేకు కోసేసి ఎత్తైన ఫైబర్ కప్పు బిగించాను. మధ్యలో గాలి కోసం రూఫ్ వెంట్ పెట్టాను. అది పైకి తెరుచుకునే చిన్న కిటికీ. దాని అంచు కింద బ్యూటైల్ టేప్ పరుస్తాం, అది జిగురు ముద్దలాంటి పట్టీ. స్క్రూలు బిగించాక వాటి తలల మీద లాప్ సీలెంట్ పోస్తాం. అది తనంతట తానే పారి చదునై, ఆరాక రబ్బరులా సాగుతుంది. మా దగ్గర దీనికి పెద్ద శత్రువు వాన కాదు, బొగ్గు దుమ్ము. పొద్దున తుడిచిన కప్పు మీద మధ్యాహ్నానికి కాటుక పొర ఉంటుంది. ఆ పొర మీద సీలెంట్ పోస్తే దుమ్మును పట్టుకుంటుంది తప్ప కప్పును పట్టుకోదు. కాబట్టి తెల్లగుడ్డ నల్లబడటం మానేదాకా స్పిరిట్‌తో తుడిచాను. ఆ పనిలో వంక పెట్టడానికి నాకే ఏమీ కనిపించలేదు.

అలాంటి కప్పు తొలి వానలకే కురిసిందట.

"వెంట్ పక్కపొంటి ఉరుస్తుంది," అన్నాడు రాజమల్లన్న. "సక్కగ పరుపు మీదనే."

"పక్కబట్టలన్నీ ముద్దయినయ్," అంది వదినె. "గీ బండేసుకొని రామేశ్వరం దాంక ఎట్ల పోవాలె?"

"ఇంకోసారి ఉరిసిందంటే సంపత్‌కు అమ్మేస్త. పెండ్లిళ్లకు కిరాయికి తిప్పుకుంటడు," అన్నాడు రాజమల్లన్న.

సంపత్ ఆయన మేనల్లుడు. బండి తోలుకొచ్చింది అతనే. ఆ మాట వినగానే అతను రోడ్డు మీదికి చూడటం మొదలుపెట్టాడు. నాకు అక్కడే ఒక ముల్లు గుచ్చుకుంది. వదినె ముఖంలో మాత్రం రక్తం లేదు. ఆ బండి పోతే ఆమె ప్రయాణం పోయినట్టే. ఇంకో బండి కొందామని ఆయన అనేరకం కాదు.

నేను పైకెక్కి చూశాను. వెంట్‌కు ఒక పక్క సీలెంట్ వెంట్రుకంత సన్నగా పగిలి ఉంది. పైపుతో చాలాసేపు నీళ్లు కొట్టాను. లోపల ఒక్క బొట్టు పడలేదు. అయినా పాతది గీకేసి కొత్తది పోశాను.

"కప్పు మంచిగుందన్నా," అన్నాను దిగి.

రాజమల్లన్న పైకి చూశాడు. "నువ్వు చెప్తున్నవా, కప్పు చెప్తుందా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఇంత పని చేయించుకుని ఆ మాటేంటి? ఏదో మనసులో పెట్టుకునే అన్నాడనిపించింది.

రెండు వానలు గడిచాయో లేదో బండి మళ్లీ వచ్చింది. అదే చోట, అదే పగులు. మొదట ఓపెన్‌కాస్ట్ గనిలో బండలు పేల్చే బ్లాస్టింగ్ మీద నెపం వేశాను. వాళ్ల ఊరికి గని దగ్గర, బ్లాస్టింగ్ సమయంలో గిన్నెలు కూడా గలగలమంటాయి. కానీ అదే ఊరి నుంచి వచ్చే స్కూలు బస్సుకు కూడా వెంట్ ఉంది, దానికీ నేనే సీలు వేశాను, అది చెక్కు చెదరలేదు. ఈలోపు వదినె నన్నే అనుమానించింది.

"ప్రతిసారి గింత సందు ఉంచుతున్నవా ఏంది మొగిలీ? మేం మళ్ల మళ్ల నీ తాన్కి రావాల్నని?"

నవ్వుతూనే అంది కానీ ఆ నవ్వు కళ్లదాకా రాలేదు. ఊళ్లో నాకున్నది పేరొక్కటే. ఆమె ఈ మాట ఇంకో నలుగురితో అంటే నా షెడ్డు ముందు బండ్లు ఆగవు. నాకు కోపం, భయం రెండూ వచ్చాయి. ఆ రెండూ కలిపి సంపత్ మీద చూపించాను. చాయ్ తాగుదామని పక్కకు పిలిచి సూటిగా అడిగాను.

"నువ్వు కప్పు మీదికి ఎక్కుతున్నవా?"

"నేనెందుకు ఎక్కుత అన్నా?"

"ఉరిస్తే బండి నీకొస్తది గద."

అతను గ్లాసు కింద పెట్టాడు. "బండి కావాలనే ఉన్నది, అబద్ధం ఎందుకు? కానీ అత్తను ఏడిపిచ్చి నాకొద్దు."

మాట బాగుంది. నేను నమ్మలేదు. మాట బాగున్న మనిషి మీద నాకు ఇంకొంచెం ఎక్కువ అనుమానం.

ఈసారి ఒక ఉపాయం చేశాను. సీలెంట్ పోశాక, నేను చెప్పేదాకా కప్పు ఎవరూ కడగొద్దన్నాను. పూర్తిగా ఆరకముందే నీళ్లు తగిలితే సీలు పాడవుతుందని సాకు చెప్పాను. అసలు సంగతి వేరు. కప్పు మీద బొగ్గు దుమ్ము పేరుకుంటే, ఎక్కినవాడి అడుగు అందులో పడి తీరుతుంది. అదృష్టం కొద్దీ ఆ తర్వాత కొన్ని రోజులు వాన లేదు. ఆకాశం మళ్లీ మబ్బు పట్టేలోపు కమాన్‌పూర్ వెళ్లి, నిచ్చెన వేసుకుని చూశాను. దుమ్ము పొర చెక్కు చెదరకుండా ఉంది. అటు నుంచి ఇటు నడిచిపోయిన పిల్లి అడుగులు తప్ప మనిషి జాడ లేదు.

సీలెంట్ మాత్రం మళ్లీ పగిలింది.

నేను నిచ్చెన మీదే ఉండి ఆ పగులును వేలితో తడిమాను. పైనుంచి ఎవరైనా తొక్కితే సీలెంట్ కిందికి నలగాలి. ఇక్కడ అంచు పైకి లేచి ఉంది. అంటే కప్పును ఎవరో లోపలి నుంచి పైకి నెడుతున్నారు. నెట్టినప్పుడు పగులు నోరు తెరుస్తోంది, వదిలేస్తే మూసుకుంటోంది. నా షెడ్డులో నీళ్లు కొట్టినప్పుడు బొట్టు పడకపోవడానికి కారణం అదే. దిగి లోపలికి వెళ్లి సీలింగ్ చూశాను. వెంట్ పక్కన ప్లైవుడ్ మీద అరచేయంత పలక ఒత్తుకున్న గుర్తు ఉంది.

"అన్నా, లోపల కప్పుకు ఏమన్న ఆనిచ్చి పెడుతున్నరా?"

"ఏం లేదు," అన్నాడు రాజమల్లన్న.

"ఏం లేదు," అంది వదినె, అదే క్షణంలో.

అంత త్వరగా, అంత కలిసి చెప్పిన జవాబు ఎవరు నమ్ముతారు? ఇంటికి వస్తూ దారి పొడుగునా అదే ఆలోచన. బండి వదిలించుకోవాలని ఆయనే ఇది చేస్తున్నాడా? చేస్తే, ప్రయాణం కోసం తపిస్తున్న ఆమె ఎందుకు కప్పిపుచ్చుతోంది? ఏమీ అంతు చిక్కలేదు. పైగా మధ్యలో దోషి నేనవుతున్నాను.

తర్వాత గట్టి వాన మొదలైన మధ్యాహ్నం, చెప్పకుండా వెళ్లాను. వ్యాన్ ఇంటి ముందు ఉంది. వరండాలో కూర్చున్న వదినె నన్ను చూసి గబుక్కున లేచింది.

"ఆయన పండుకున్నడు. తర్వాత రా మొగిలీ."

"బండి చూసి పోత వదినా."

"వద్దు, లేపకు."

నేను ఆగలేదు. వెనక తలుపు అద్దంలోంచి చూశాను. బండి నేల నుంచి కప్పు దాకా ఒక కర్ర స్తంభం. పైన చెక్క పలక, పలకకూ కర్రకూ మధ్య సన్నని చెక్క ముక్కలు సుత్తితో కొట్టి బిగించి ఉన్నాయి. గనిలో ప్రాపు ఎలా పెడతారో అచ్చం అలాగే. ఫైబర్ కప్పు అక్కడ గుడారంలా పైకి ఉబ్బింది. ఆ ఉబ్బు పక్క నుంచి బొట్లు ఒక స్టీలు గిన్నెలో పడుతున్నాయి. వాటి పక్కనే రాజమల్లన్న ఆ కర్ర మీద చెయ్యి వేసుకుని హాయిగా నిద్రపోతున్నాడు.

నేను వదినె వైపు తిరిగాను. "మరి నన్నెందుకు అన్నవు, సందు ఉంచుతున్ననని?"

"ఎవలకన్న తెలిస్తే నవ్వుతరని, చెప్పొద్దన్నడు," అంది తల వంచుకుని. "కప్పు గట్టిగుంటే ఒక్క కట్టెకే పగులుతదా అనుకున్న."

మా మాటలకు ఆయన లేచాడు. నన్ను చూసి మొదట కోప్పడ్డాడు, తర్వాత మంచం అంచున కూర్చున్నాడు.

"ఓదెలు అని నా జోడీ ఉండె," అన్నాడు. "బొగ్గు బాయిల ప్రాపు పెట్టే ముందు కప్పును కట్టెతోని కొట్టి చూస్తం. బోలుగ మోగితే ఖరాబు, ఖంగుమంటే మంచిగున్నట్టు. ఆ రోజు నేనే కొట్టిన. ఖంగుమన్నది. మంచిగుంది, రా అన్న. వాడు వచ్చిండు."

ఆయన ఎత్తిన అరచెయ్యిని ఒక్కసారిగా మంచం మీదికి దించాడు, కప్పు కూలినట్టు. వదినె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇంట్ల స్లాబు ఎత్తుల ఉంటది, ఫికర్ లేదు," అన్నాడు రాజమల్లన్న. "గీ బండి కప్పు చెయ్యెత్తితే అందుతది. పండుకుంటే మీద పడ్డట్టే ఉంటది. నువ్వు మంచిగుందని చెప్పినప్పుడల్ల నాకు ఆ రోజే యాదికొస్తది మొగిలీ. ఎవలు చెప్పినా నమ్మ. నేను చెప్పినా నేను నమ్మ."

నా అనుమానాలన్నీ ఒక్కసారిగా సిగ్గుతో చల్లబడ్డాయి. నాది వృత్తి నేర్పిన అనుమానం, సాయంత్రం షెడ్డుకు తాళం వేస్తే తీరిపోతుంది. ఆయనది అలా తీరేది కాదు.

"కట్టె తీసెయ్యమని నేను చెప్పనన్నా," అన్నాను. "కానీ కప్పును పైకి నూకని స్తంభం నేను పెడత. ఎట్లుండాలెనో నువ్వు చెప్పు."

మరుసటి వారం బండి నా షెడ్డులో ఉంది. బండి అడుగున ఉండే ఇనుప చట్రం, ఛాసిస్ నుంచి రెండు పక్కలా పైకి లేచి, కప్పు కింద కమానులా కలిసే ఇనుప ఫ్రేము వెల్డింగ్ చేశాను. కప్పుకు తాకేచోట మెత్తని రబ్బరు. మధ్యలో ఒక స్తంభం ఉండాల్సిందేనని ఆయన పట్టుబట్టాడు. అది ఎంత లావుండాలి, ఎక్కడ నిలబడాలి, కింద పలక ఎంత వెడల్పుండాలి అన్నీ ఆయనే చెప్పాడు. బలం కప్పు మీద కాక ఛాసిస్ మీద పడేలా నేను చూసుకున్నాను. చివరికి వెంట్ ఊడదీసి, కొత్త టేప్ పరిచి, సీలెంట్ మొదటి నుంచి మళ్లీ పోశాను.

ఆరిన తర్వాత ఆయన ఒక ఇనుప కడ్డీ తీసుకుని లోపలికి ఎక్కాడు. ఫ్రేమును అడుగడుగునా కొట్టి, చెవి ఆనించి విన్నాడు. బాగుందని చెప్పాలని నా నాలుక దురద పెట్టింది. పళ్లు బిగించి ఊరుకున్నాను. వదినె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ తలుపు దగ్గరే నిలబడింది. ఆయన కడ్డీ కింద పెట్టాడు.

"సరోజనా, పక్క వెయ్యి," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నీళ్లు కొట్టు," అన్నాడు.

నేను పైకెక్కి వెంట్ మీద పైపు పెట్టాను. నీళ్లు కప్పు మీద దబదబా పడి నాలుగు పక్కలా కారాయి. ఎంతసేపటికీ లోపలి నుంచి పిలుపు లేదు. ఏదో అయిందని భయపడి దిగి చూశాను. రాజమల్లన్న రెండు చేతులూ గుండె మీద పెట్టుకుని గాఢ నిద్రలో ఉన్నాడు. దుప్పటి పొడిగా ఉంది. నేను కుళాయి కట్టబోతే వదినె చెయ్యి పట్టుకుని ఆపింది.

"బంద్ చెయ్యకు," అంది గుసగుసగా. "చప్పుడు ఆగితే లేస్తడు."

దసరా పోగానే వాళ్లు రామేశ్వరం వెళ్లారు. బండి తోలింది సంపతే.

ఆ కేసు తర్వాత కూడా నా అనుమానం పోలేదు, నీళ్లతో పనిచేసేవాడికి అది ఉండాల్సిందే. కాకపోతే కురిసే బండి వస్తే, నీళ్లు ఎక్కడ పడుతున్నాయని అడిగే ముందు, కింద పడుకునేది ఎవరని అడుగుతున్నాను. పని అయ్యాక పైపు వాళ్ల చేతికే ఇచ్చి, ఎంతసేపు కావాలంటే అంతసేపు కొట్టుకోమంటాను. కప్పు మంచిగుందని మాత్రం ఇంతవరకూ మళ్లీ ఎవరికీ చెప్పలేదు.