నా కంట్లో నెలవంక

ఆ రోజుల్లో మా వీధిలో కంటిచూపుకు ఒకటే పరీక్ష: సూదిలో దారం ఎక్కించడం. శింగనమల పక్కన మాది దర్జీల వీధి కావడంతో వేరే పరీక్ష ఎవరికీ తోచలేదు. సూదిని ముక్కుకు ఆనించుకుని ఒక్క పట్టున దారం ఎక్కించే నన్ను అందరూ గద్దకన్ను అనేవారు. (బడిలో నల్లబల్ల మీది రాతలు కనపడేవి కావు. తప్పు అయ్యవారి దస్తూరీదే అనుకునేవాణ్ణి.)

రంజాన్ నెల ముగింపుకొచ్చిన ఒక సాయంత్రం, వాన కోసం ఎంత పిలిచినా రాని మబ్బులు చంద్రుణ్ణి దాచడానికి మాత్రం సమయానికి వచ్చాయి. నెలవంక కనపడితే తెల్లారి పండగ, లేకుంటే ఇంకో ఉపవాసం. గుట్ట మీద నన్ను అందరికంటే ముందు నిలబెట్టారు. "ఏమప్పా గద్దకన్నూ, కనపడతాండాదా?" అన్నాడు నాయన. నాకు ఆకాశమంతా ఉతికి ఆరేసిన దుప్పటిలా ఉంది. "లేదు నాయనా" అన్నాను. వెనక నుంచి మా జేజి, "అద్దో, ఆ మబ్బు సందులో సన్నంగా ఉండాది, చూడండ్రా!" అని కేకేసింది. అంతలో మబ్బు మూసుకుంది. నాయన నవ్వి, "సూదిలో దారం ఎక్కించలేవు, నీకు చంద్రుడు కనపడినాడా అమ్మా?" అన్నాడు. మర్నాడు వీధంతా ఉపవాసంలో ఉండగా, బుక్కరాయసముద్రం నుంచి మా మామ కొత్తబట్టల్లో, అత్తరు ఘుమఘుమలతో, "ఈద్ ముబారక్!" అంటూ బస్సు దిగాడు. జేజి లేచి సేమ్యాకు పాలు పొయ్యి మీద పెట్టింది.

గద్దకన్ను మోసం చేసిందన్న కోపంలోనే నాయన నన్ను అనంతపురం కంటి డాక్టరు దగ్గరికి లాక్కుపోయాడు. చీకటిగదిలో డాక్టరు చిన్న లైటుతో నా కంట్లోకి చాలాసేపు తొంగిచూసి, "వీనికి దూరం చూపు బాగా తక్కువప్పా. కనుగుడ్డు సాగిపోయినాది. లోపల నరం అంచున తెల్లగా నెలవంక మాదిరి పడినాది" అన్నాడు. నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "గుడ్డోడైపోతాడా సార్?"

"అద్దాలు పెట్టించు. ఏటేటా తెచ్చి చూపించు."

బయటికొచ్చాక నాయన నా చెయ్యి వదల్లేదు. "ఊరందరి నెలవంకను నీ కంట్లో దాచిపెట్టుకుంటివి గదరా" అన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నా చూపుకు అందలేదు.

మొన్న ఒక డాక్టరమ్మ నా కంటి లోపలిని ఫోటో తీసి తెర మీద పెట్టింది. ఎర్రటి రంగులో గుండ్రంగా నరం, దాని పక్కనే తెల్లటి వంక. ఆమె వేలు చూపించకముందే "అద్దో!" అని అరిచాను. పాపం, ఉలిక్కిపడింది. ఆ క్షణం నాయనా జేజీ పక్కన ఉంటే బాగుండుననిపించింది. ఈ జన్మలో ఒక్కసారైనా, అందరికంటే ముందు నెలవంకను చూసింది నేనే.