పిలిస్తే పలకాలండి

కడియం నుంచి రాజమండ్రి వెళ్ళిన ఆ ఉదయం తలుచుకుంటే ముందు పొగమంచే గుర్తొస్తుంది. కాలవ, గట్టు, నర్సరీల్లో పూలు, అన్నీ ఒకే పాలరంగులో కలిసిపోయాయి. నేనెక్కిన టాక్సీ కొత్తది. రోడ్డు మీది గీత దాటినా, ఎదురుగా ఏదైనా దగ్గరపడినా టింగుమంటుంది. అది మోగిన ప్రతిసారీ డ్రైవరు సూర్రావు గారు స్పీడు తగ్గించి "ఆయ్" అంటున్నారు. మా వరంగల్‌లో ఆ మాట లేదు.

"ఎవరితోని మాట్లాడుతున్నరు?" అన్నాను.

"కారుతోనేనండి. పిలిస్తే పలకాలి కదండీ. పలకడం మానేశామనుకోండి, నాలుగు రోజులకి ఆ పిలుపే వినపడదు."

మలుపు దగ్గర ఆయన కారును దాదాపు ఆపేసి హారన్ కొట్టారు. కారు ఏమీ అనలేదు. పొగమంచులోంచి మాత్రం ఓ ఆడమనిషి గొంతు "ఆయ్" అంది. మరుక్షణం మొక్కల బుట్ట కట్టిన సైకిలొకటి తేలుతున్నట్టు మా పక్క నుంచి వెళ్ళిపోయింది.

"దీనికి కనపడలేదండి" అన్నారాయన, కారును తప్పుపట్టినట్టు కాదు, ఇంట్లో పెద్దవాళ్ళ చూపు గురించి చెప్పినట్టు.

ఆ సైకిలును ఇంకోసారి చూడాలనిపించి, బెల్టు విప్పి వెనక్కి తిరిగాను. టింగుమంది. సూర్రావు గారు పలకలేదు. మళ్ళీ మోగింది. ఆయన అద్దంలోంచి నన్నే చూస్తున్నారు.

"ఈసారి పిలిచింది మిమ్మల్నండి."

"ఆయ్" అన్నాను, బెల్టు పెట్టుకుంటూ.