ముందు వరుసలో నా నోరు

మా కార్ఖానాలో మాట వినిపించదు. సోలాపూర్‌లో కుంఠా నాకా దగ్గర రేకుల షెడ్డులో ఇరవై నాలుగు సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, ఒక్కసారిగా ఆడుతుంటే పక్కన పిడుగు పడ్డా తెలియదు. అందుకే మేము పెదవులతో మాట్లాడుకుంటాం. గొంతు విప్పకుండా నోరు కదిలిస్తే అవతలివాడు కళ్ళతో అందుకుంటాడు. పోగు తెగిందనీ, కండె అయిపోయిందనీ, షేటు వస్తున్నాడు ఫోన్లు దాచండనీ అన్నీ అట్లాగే చెప్పుకుంటాం. పదిహేనేళ్ళప్పుడు ఈ పనిలో చేరాను, ఇప్పుడు నలభై ఆరు. కుడి చెవి సగం పోయింది, ఎడమది దాని వెనకే పోతోంది. కానీ ఆ చివరి సాంచె దగ్గర మనిషి పెదవి కదిలిస్తే చాలు, తెలుగో మరాఠీయో హిందీయో, నాకు పుస్తకం చదివినట్టే. ఈ విద్యతోనే నేను ఒక ఆడపిల్ల చేతికొచ్చిన అవకాశాన్ని చెడగొట్టాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది. చెప్పకుండా తిరగడం ఇంకా సిగ్గుగా ఉంది.

మాకందరికీ రెజ్లింగ్ పిచ్చి. చిన్నప్పుడు టీవీలో అమెరికా కుస్తీలు చూసి ఇంట్లో పరుపు మీద ఒకరినొకరు ఎత్తేసుకుని పెరిగినవాళ్ళం. ఇప్పుడు ఫోన్లో చూస్తాం. సాంచె కమ్మీకి ఫోను కట్టి, చేయి పనిలో ఉండగానే కన్ను దాని మీద వేస్తాం. శబ్దం ఎట్లాగూ వినపడదు. చాయ్ వేళకు బయటికి రాగానే లొల్లి మొదలవుతుంది.

"అన్నా, ఆ కొత్తగొచ్చిన పచ్చ చడ్డీ పోరడు ఎట్లుండు?"

"ఎగురుడైతే మస్తుంది. గని మాట రాదు వానికి. మైకు చేతికిస్తే పెండ్లిల తప్పిపోయిన పోరని లెక్క నిలవడ్తడు. పైకి పోడు."

"మరి ఆ జపాన్ పిల్ల?"

"రాసి పెట్టుకో. దివాళీ వరకు బెల్టు ఆమెదే."

ఆ పెద్దమనిషి తీర్పులు చెప్పేది నేనే. ఎవరు పైకి వస్తారో, ఎవరిని కావాలని ఓడిస్తున్నారో, ఎవరికి వచ్చే నెల బెల్టు కడతారో చెప్పడం నా పని. పదింట్లో ఆరు నిజమయ్యేవి. తప్పిన నాలుగు ఎవరికీ గుర్తుండవు కాబట్టి నా పేరు మోగిపోయింది. మా చాయ్ బండి దగ్గర తాలీమ్‌లో, అంటే కుస్తీ గోదాలో, మట్టి కుస్తీ పట్టిన ఒక ముసలాయన కూర్చుంటాడు. "గదేం కుస్తీరా? అంత లుటుపుటు. ముందుగాల్నే మాట్లాడుకొని పడ్తరు" అని రోజూ ఒకే మాట అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. "మామా, భాగోతంల రాజు ఏషం కట్టినోడు మన పక్కింటోడే అని నీకు తెల్వదా? తెలిసి గమ్మున కూసోని సూస్తవ్ గదా? గిది గూడ గంతే" అని గట్టిగా వాదించేవాణ్ణి. ఇంత బాగా తెలిసినవాణ్ణి నేను.

నా పక్క సాంచెల మీద పనిచేసే అన్నతో నాకు ఇరవై ఏళ్ళ స్నేహం. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. వదినె బీడీలు చుడుతుంది. వాళ్ళకు ఒక్కతే బిడ్డ. పదేళ్ళ వయసు నుంచి తండ్రికి సద్ది తెచ్చేది. ఆ వచ్చిపోవడంలోనే మా పెదవుల మాట నేర్చేసింది, ఇంట్లో వదినెకు కూడా నేర్పింది. బడిలో పరీక్షలప్పుడు కూడా వాడిందని వాళ్ళ నాయిన మురిసిపోతూ తిట్టేవాడు. తర్వాత తాలీమ్‌లో చేరి కుస్తీ పట్టింది, జిల్లా దాకా పోయింది. రెండేళ్ళ కింద పుణేలో రెజ్లింగ్ నేర్పే చోట చేరతానంది. అన్న మండిపడ్డాడు. మంది ముందర గసొంటి బట్టలేసుకోని దొర్లుతదా అన్నాడు. ఆయన్ను ఒప్పించింది నేనే. నెల రోజులు, సాంచెల మీదుగా, పెదవులు నొప్పెట్టేదాకా చెప్పాను. "కాకా, నువ్వే లేకుంటే నాయిన పంపకపోవు" అని ఆ పిల్ల నా కాళ్ళు మొక్కి పోయింది. అప్పటినుంచి చాయ్ బండి దగ్గర అమెరికా వాళ్ళతో పాటు మా పిల్ల ఆట గురించి కూడా చర్చలే. ఆమె పంపిన వీడియోలు చూసి, కాలు ఎట్లా పడుతోంది, ఎక్కడ తొందరపడుతోంది అని తీర్పులు చెప్పేవాణ్ణి. ఆమె శ్రద్ధగా విని దిద్దుకునేది కూడా.

మొన్న ఎండాకాలంలో వాళ్ళ పుణే జట్టు సోలాపూర్‌లో ఆట పెట్టింది. అశోక్ చౌక్ దగ్గర ఒక పెళ్ళిళ్ళ హాలు, ఆదివారం మధ్యాహ్నం. టీవీ షో కోసం కొత్తవాళ్ళను ఏరుకోవడానికి ముంబై నుంచి ఒకాయన వస్తున్నాడు. ఆ పిల్ల ఆట చూడడానికే వస్తున్నాడు. ముందు రోజు ఆమె కార్ఖానాకు వచ్చి అందరినీ పిలిచింది.

"కాకా, అందరు ముంగటి లైన్ల కూసోండ్రి. మస్తు లొల్లి చెయ్యుండ్రి. నా ఎనక ఎంతమందున్నరో ఆయనకు ఎర్క కావాలె."

పోయేముందు నన్ను పక్కకు తీసుకెళ్ళి ఒక ముచ్చట చెప్పింది. రింగులో ఒకరినొకరు దెబ్బ తగలకుండా కాపాడుకోవాలంటే తర్వాత ఏం చేయబోతున్నారో చెప్పుకుంటూ ఉండాలి. మామూలుగా చెవిలో గుసగుసలాడతారు. చిన్న హాలులో అది ముందువాళ్ళకు వినపడుతుంది. "గందుకే నా జోడీదారుకు, గదే నా మీద ఆడే పుణే పిల్లకు మన కార్ఖాన మాట నేర్పిన కాకా. గొంతు లేకుంట చెప్పుకుంటం. మా సారు గూడ నోరెల్లవెట్టిండు." ఎంత సంతోషం ఆ ముఖంలో! ముందు వరుస నిండా అదే మాట తెలిసినవాళ్ళను కూర్చోబెడుతున్నానని ఆమెకు తట్టలేదా? తట్టే ఉంటుంది. మనోళ్ళే కదా అనుకుంది.

ఆదివారం మేము పద్నాలుగు మందిమి స్నానాలు చేసి, ఇస్త్రీ బట్టలు వేసుకుని పోయాము. హాలు నిండింది. ముంబై ఆయన మాకు ఎదురు వైపు కుర్చీలో ఒళ్ళో వహీ, అంటే నోటుబుక్కు, పెట్టుకుని కూర్చున్నాడు. మా పిల్ల వాళ్ళ నాయిన నేసిన ఎర్ర చద్దరు భుజాల మీద కప్పుకుని వచ్చింది. అన్న కళ్ళు తుడుచుకున్నాడు. నేను కూడా తుడుచుకున్నాను, అబద్ధం ఎందుకు.

ఆట మొదలైంది. మొదటి ఐదు నిమిషాలు ఏ వంకా పెట్టడానికి లేదు. పుణే పిల్ల దొంగాట ఆడే మనిషిగా, మా పిల్ల దెబ్బలు తింటూ లేచే మనిషిగా. జనం ఊగిపోతున్నారు. అప్పుడు నాకు మా పిల్ల పెదవులు కనిపించాయి. "అబ్ రస్సీ" అంది. నేను నా పక్కవాడి చెవిలో మెల్లగా అన్నాను, "ఇగ సూడు, తాడుకేసి కొడ్తది."

మెల్లగా అన్నాననుకున్నాను. సాంచెల మధ్య ముప్ఫై ఏళ్ళు గడిపినవాడి గుసగుస ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. వెనక మూడు వరుసల వాళ్ళు మెడలు చాచి నా వైపు చూశారు. మా పిల్ల పుణే పిల్లను తాడుకేసి కొట్టింది. జనం గొల్లున నవ్వారు.

ఇక్కడి దాకా చెవిటివాడి పొరపాటు. ఇది చెప్పుకుని తప్పించుకోవచ్చు. కానీ తర్వాత ఏం జరిగిందో నాకు తెలుసు. వెనక నుంచి ఎవరో నా భుజం తట్టి, "కాకా, ఆతా కాయ్?" అని అడిగాడు. ఇప్పుడేంటి అని. ఆ అడగడం నాకు తేనె పూసినట్టు అనిపించింది. నోటి దూల అంటారే, అదే. పెదవులు చూసి, ఈసారి కావాలనే గట్టిగా అరిచాను, "పాయ్ ధర్ణార్!" కాలు పడుతుంది అని. పట్టింది. హాలంతా నవ్వు. "ఇగ కింద పడ్తది!" పడింది. కుర్రాళ్ళు నేను చెప్పేదాకా ఆగి, చెప్పగానే ఈలలు వేయడం మొదలుపెట్టారు. ఎవరూ ఆట చూడడం లేదు, నన్ను చూస్తున్నారు. అన్న నా చేయి పట్టుకుని గుంజాడు. విదిలించుకున్నాను.

మా పిల్ల ఒకసారి నా వైపు చూసింది. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు. అది కూడా చదివాను. చదివి ఇంకో మాట అరిచాను.

అప్పుడు ఆమె చేయి అడ్డం పెట్టుకుని నోరు మూసుకుంది. జుట్టు ముఖం మీదికి లాక్కుంది. నాకు కనపడకూడదని చేసిన పని. అయితే పుణే పిల్లకు కూడా కనపడలేదు. మా పిల్ల ఎత్తబోయింది. ఎత్తేటప్పుడు ఎత్తించుకునే మనిషి కూడా ఎగరాలి, అదీ లెక్క. పుణే పిల్ల ఎగరలేదు, ఇంకేదో అనుకుని పక్కకు తిరిగింది. ఇద్దరూ వంకరగా పడ్డారు. భుజం కింద పడి నలగడంతో పుణే పిల్ల కేక పెట్టింది. ఆ కేక నాటకం కాదని నా చెవిటి చెవులకు కూడా తెలిసింది. ఆట ఆపేశారు. ముంబై ఆయన వహీ మూసి సంచిలో పెట్టుకున్నాడు.

ఇంతకంటే సిగ్గుపడే సంగతి ఇంకొకటి ఉంది. నేను అరుస్తుండగా ఎవరో వీడియో తీశారు. సాయంత్రానికి అది ఫోన్లన్నీ తిరిగింది. "కాకా ఏక్ నంబర్", "కాకాకు బెల్టు కట్టుండ్రి" అని కింద రాశారు. నేను ఇంట్లో కూర్చుని ఆ వీడియో చూశాను. ఒకసారి కాదు. నలుగురికి పంపాను కూడా. అక్కడ ఒక పిల్ల భుజం కట్టు కట్టించుకుంటుంటే, ఇంకో పిల్ల ఏడుస్తుంటే, నేను నా గొంతు ఎంత బాగా వచ్చిందో చూసుకుంటున్నాను.

సోమవారం అన్న పనిలోకి వచ్చాడు. మధ్యాహ్నం దాకా నా వైపు చూడలేదు. తర్వాత సాంచె ఆపకుండానే తిరిగి, పెదవులతో చెప్పాడు. ముంబై ఆయన మా పిల్లతో మాట్లాడాడట. జోడీదారును కాపాడలేని మనిషిని మేము తీసుకోలేము, మళ్ళా అడగొద్దు అన్నాడట.

"నా సంగతి చెప్పలేదా? నేను పెదవులు సదివిన అని?" అన్నాను.

"చెప్పలే. ఎవరు సదివిండ్రు అని అడుగుతరట. మా కాక అని ఎట్ల చెప్పాలె అన్నది."

ఆ మాటకు నాకు తల కొట్టేసినట్టయింది. ఎదురుగా పోగు తెగి సాంచె ఉట్టిగా ఆడుతోంది, చేతులు రాలేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని మా అమ్మ వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది. అన్న వచ్చి నా సాంచె ఆపి, పోగు అతికి, మళ్ళా నడిపించి పోయాడు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ముంబై ఆయన నంబరు సంపాదించి నా హిందీలో నిజం చెప్పాను. ఆయన ఓపికగానే విన్నాడు. "భాయ్ సాబ్, జనం ఏమన్నా అరుస్తారు. తట్టుకోవడమే కదా ఆట" అని ఫోను పెట్టేశాడు.

పది రోజులు వాళ్ళ గల్లీలోకి పోవడానికి ముఖం చెల్లలేదు. చివరికి ఒక సాయంత్రం అరటిపండ్లు తీసుకుని పోయాను. వదినె గడప దగ్గర చాటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. లోపలికి రమ్మంది. ఆ పిల్ల ఎదురొచ్చింది. నేను చేతులు జోడించాను. ఏమేమో అన్నాను, గుర్తు లేదు, ఏడ్చాను మాత్రం.

"అయ్యో, గిదేంది కాకా!" అని ఆమె నా చేతులు పట్టుకుంది. నాకు వినపడేలా గట్టిగా మాట్లాడింది. "మీరు కావాల్నని చేసిండ్రా? ఇంకో చాన్స్ అస్తది తియ్యి. నేనేం మనసుల పెట్టుకోలే. కూసోండ్రి, చాయ్ తాగి పోవాలె." నవ్వుతూనే ఉంది. పుణే పిల్ల భుజం నయమవుతోందని చెప్పింది. అమెరికా కుస్తీలో కొత్తగా వచ్చిన పిల్ల ఎట్లా ఆడుతోందని నన్నే అడిగింది. చెప్పాను. మంచి మనసు, మాఫ్ చేసింది అనుకుని నాకు గుండె మీది బండ దించినట్టయింది.

వదినె చాయ్ పెట్టడానికి లేచింది. ఆ పిల్ల ఆమె వెనకే పోయి, నాకు వీపు చూపించి నిలబడింది. ఎంత జాగ్రత్త! కానీ పక్కనే బీరువా ఉంది, దానికి నిలువుటద్దం ఉంది. అందులో ఆమె ముఖం కనిపించింది. గొంతు లేదు, పెదవులే కదిలాయి.

"ఎప్పుడు పోతడే అమ్మా? నవ్వి నవ్వి దౌడలు నొస్తున్నయి."

నేను తల దించుకుని నేల మీద బండలు లెక్కపెట్టినట్టు కూర్చున్నాను. చాయ్ వచ్చింది. కాలిపోతున్నా గబగబా తాగేసి లేచాను. "సరే బిడ్డా, నువ్ గిట్ల మాట్లాడినవ్, నా మనసు తేలికైంది" అని గట్టిగా, నవ్వుతూ అబద్ధం చెప్పాను.

ఆమె సంతోషించినట్టే తల ఊపి, గడప దిగి బయటి దాకా వచ్చింది. గల్లీ మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. అంత దూరం నుంచి కూడా, నేను కనపడకుండా పోయేదాకా, ఆ నవ్వు అట్లాగే పట్టుకుని నిలబడింది.