హ్వేలో అత్త తాగిన గంజి

మా అత్తకు రొయ్య పడదు. నేను కొత్త కోడలిగా ఉన్నప్పుడు మదురైలో ఒక పెళ్లి భోజనంలో ఎండు రొయ్యల పొడి కలిసిన కూర తిని, పెదవులు ఉబ్బి, ఊపిరి అందక ఆసుపత్రి పాలైంది. మంచం పక్కన నిలబడి ఆమె గొంతులోంచి వచ్చే ఈల లాంటి చప్పుడు విన్నాను. ఇంకోసారి తింటే ఇంతకంటే కష్టమని డాక్టరు చెప్పాడు. అందుకే, వియత్నాం పోదామని ఆమె అన్న రోజున నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ చప్పుడే.

అత్త పుట్టింది బోడినాయకనూరులో, ఏలకుల వ్యాపారం చేసే ఇంట్లో. మెట్టింది కోయంబత్తూరు. మామ పోయాక ఒక మిల్లు పక్క వీధిలో మెస్ పెట్టి, మోకాళ్లు మొరాయించేదాకా నడిపింది. మెస్ మూసేశాక పగలంతా ఫోనులో వియత్నాం వీధుల్లో ఆడవాళ్లు వండి అమ్మే వీడియోలు చూసేది.

"ఇన్ని నాళ్లు నేను వండి పోస్తిని, కన్నూ. ఒకసారి ఎవరో వండి పెడితే కూర్చోని తినాల. అది తా నా ఆశ" అంది, మా ఇళ్లలో మాట్లాడే తమిళం కలిసిన తెలుగులో.

మా ఆయనకు పంపుల వర్క్‌షాపు వదిలి వచ్చే వీలు లేదు. "నువ్వు వెంట కూట్టుకొని పో. అమ్మ నీ మాట తా వింటాది" అన్నాడు. ఆ మాటతో భారమంతా నా నెత్తిన పడింది.

తిరుచ్చి నుంచి చౌక విమానం దొరికింది. సైగాన్‌లో దిగి, అక్కణ్నుంచి రైళ్లలో, బస్సుల్లో హోయాన్, హ్వే చూసుకుంటూ పైకి హనోయ్ దాకా పోవాలి. బస హోటళ్లలో కాదు, మనుషులు కాపురం ఉండే ఇళ్లలో అద్దె గది. తిండి వీధిలో. నేను అలర్జీ మాత్రలు సర్దుకున్నాను. 'రొయ్య వద్దు, తింటే ప్రాణం పోతుంది' అన్న మాటను ఆ భాషలో ఫోను చేత పలికించుకుని బట్టీ పట్టాను.

సైగాన్‌లో మొదటి వీధిలోనే నా గుండె జారిపోయింది. ఎక్కడ చూసినా రొయ్యలే. అన్నం మీద, ఆకుల చుట్టల్లో, గంపల్లో కుప్పలుగా. గొడ్డు మాంసం మేం ఎటూ ముట్టం. నేను బట్టీ పట్టిన మాట చెబితే అమ్మేవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వేవాళ్లు. నా పలుకు వాళ్లకు ఏమని వినిపించిందో తెలియదు. అర్థమైందో లేదో తెలియక, వచ్చిన పళ్లెం ప్రతిదీ వెనక్కి పంపేశాను. అత్తకు ఉత్త అన్నం, ఉడికించిన గుడ్డు, అరటిపళ్లు పెట్టాను.

హోయాన్‌లో మేం దిగిన ఇంటావిడ పొద్దున్నే, పోయిన పెద్దల పటాలున్న పీట ముందు పళ్లు, టీ పెట్టి అగరొత్తి వెలిగించింది. "మన మాదిరి తా పెద్దలకు పెడ్తుండాది" అని అత్త చేతులు జోడించింది. తరువాత ఆవిడ మాకు తినమని ఏవో ఆవిరి కుడుములు తెస్తే, నేను అడ్డం పడి వద్దన్నాను. ఇంటావిడ ముఖం చిన్నబోయింది.

సాయంత్రం ఏటి గట్టున కూర్చున్నప్పుడు అత్త అంది, "ఇంత దూరం తెచ్చి నాకు ఆసుపత్రి సాపాడు పెడ్తుండావు."

"ఈ ఊర్లో మీకేమైనా అయితే నేను ఎవరితో ఏమని చెప్పేది, అత్తా?"

"నీ కవలై, నీ భయం నాకు తెలుసు కన్నూ. అయినా నేను అరటిపండు తినేకి రాలే."

ఆ మాట నన్ను పట్టుకుంది. హ్వే చేరిన మర్నాడు పొద్దున, పాత కోట గోడ పక్కన ఒకావిడ కోడి చారులో బియ్యపు సేమ్యా వేసి అమ్ముతుంటే ఆగాను. మా అత్త కంటే కొంచెం చిన్నది. గిన్నెలన్నీ తుడిచి బోర్లించి ఉన్నాయి. ఫోనులో రొయ్య బొమ్మ చూపించి తల అడ్డంగా ఊపాను. ఆమె కుండ మూత తీసి గరిటెతో అడుగు దాకా కలిపి చూపించింది. కోడి, ఎముకలు, నిమ్మగడ్డి తప్ప ఏమీ కనబడలేదు.

"తినండి అత్తా" అన్నాను.

అత్త చిన్న ప్లాస్టిక్ పీట మీద కూర్చుని, కళ్లు మూసుకుని చారు తాగింది. ఆమె ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. గిన్నె సగమయ్యేసరికి పెదవి గోక్కుంది. తరువాత మెడ. తలెత్తి నా వైపు చూసింది. ఆ చప్పుడు మొదలైంది.

మాత్ర నోట్లో వేశాను. ఇంకేం చేయాలో తోచలేదు. అమ్మే ఆవిడ పొయ్యి ఆర్పకుండానే స్కూటరు తీసింది. నడుమ అత్తను కూర్చోబెట్టుకుని వెనక నేను ఎక్కాను. అత్త తల నా భుజం మీదికి వాలిపోతుంటే, "ఊపిరి తీయండి, తీయండి" అని చెవిలో చెబుతూనే ఉన్నాను. దారిలో ఏముందో నాకు తెలియదు. నాకు వినబడింది ఆ ఈల ఒక్కటే.

క్లినిక్‌లో తొడకు ఇంజెక్షన్ ఇచ్చారు. కాసేపటికి ఊపిరి దారిలో పడింది. అప్పుడు అమ్మే ఆవిడ తన ఫోనులో ఏదో మాట్లాడింది. ఫోను దాన్ని ఇంగ్లీషులో పలికింది. చారులో ఊరవేసి నూరిన రొయ్యల ముద్ద ఒక చెంచా వేస్తారట. వాళ్ల ఊళ్లో అది ఉప్పు లాంటిదట. రొయ్య అంటే రొయ్య అనుకుంది కానీ ముద్ద సంగతి ఆమెకు తట్టలేదు. నేను అత్త మంచం వైపు తిరిగిపోయాను. ఆమె వెళ్లిపోయింది.

మా ఆయనకు ఫోన్ చేస్తే, "రేపే వచ్చేయండి" అన్నాడు. నేను సరేనన్నాను.

మధ్యాహ్నం ఆ ఆవిడ మళ్లీ వచ్చింది. చేతిలో మూతపెట్టిన గిన్నె. కొత్త గిన్నెలో వండానని, బియ్యం, ఉప్పు, నీళ్లు తప్ప ఏమీ లేవని ఫోను చేత చెప్పించింది. పలచటి గంజి. నేను లేచి అడ్డంగా నిలబడ్డాను.

"వద్దు అత్తా. ఇంక ఆమె చేతిది ఏదీ వద్దు."

అత్త దిండుకు ఆనుకుని లేచి కూర్చుంది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "మన మెస్‌లో ఎవరైనా తిని పడిపోయింటే నేను ఎట్ల ఉంటానో, ఆమె ఇప్పుడు అట్ల ఉండాది. నేను ఇది తాగకపోతే ఆమె రేపు పొయ్యి ముట్టించలేదు, కన్నూ. ఇట్లా ఇయ్యి."

గిన్నె అందుకుని, మూత తీసి వాసన చూశాను. అత్తకు ఇచ్చాను. అత్త తాగుతున్నంతసేపూ ఒక చేత్తో ఆమె మణికట్టు పట్టుకుని, పెదవుల వైపే చూస్తూ కూర్చున్నాను. ఆ ఆవిడ కూర్చోమన్నా కూర్చోక గుమ్మం దగ్గరే నిలబడింది. ఆమె కూడా ఆ పెదవులనే చూస్తోంది. ఏమీ కాలేదు. అత్త గిన్నె ఖాళీ చేసి, "బాగుండాది" అని తెలుగులోనే చెప్పి, ఆమెను దగ్గరికి పిలిచి చేయి పట్టుకుంది. ఆవిడ ముఖం పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

రెండు రోజులాగి పోవచ్చని డాక్టరు చెప్పాడు. ఇంటికి కాదు, హనోయ్‌కే అని అత్త పట్టుబట్టింది. వెళ్లాం. అక్కడ నేను ప్రతి అంగట్లో రొయ్యను, రొయ్యల ముద్దను విడివిడిగా అడిగాను. కాల్చిన పంది మాంసం, పలచటి బియ్యపు రొట్టెలు, గుడ్డు సొన గిలకొట్టిన కాఫీ అన్నీ అత్త తిన్నది, తాగింది. ఆమె నిద్రపోయాక ఊపిరి వింటూ పడుకునేదాన్ని.

తిరుచ్చిలో మా ఆయన కారు తెచ్చాడు. కరూరు దాటేదాకా అత్త ఒకటే మాటలు. ఆ చారులో నిమ్మగడ్డి వాసన, ఆ రొట్టె మెత్తదనం, ఆ గంజిలో బియ్యం ఉడికిన తీరు. నేనూ పక్కన కూర్చుని తిన్నవాటిని ఆమె నోట కొత్తగా వింటున్నాను. నా నాలుకకు ఒక్క రుచీ గుర్తు లేదు.

"నీకు ఏది నచ్చె?" అని ఆయన అడిగాడు.

"అన్నీ బాగుండె" అన్నాను. వెనక సీట్లో అత్త దారిలో కొన్న వేరుశనగల కడలమిఠాయి నోట్లో వేసుకుంది. నేను వెనక్కి తిరిగి ఆమె పెదవుల వైపు చూశాను.