ఏ ఒడ్డు దోనె ఎక్కానంటే

ఉదయం ఆరున్నరకి తాడేపల్లిగూడెంలో పాసింజరు ఎక్కాను. ఘర్షణల నివారణ, శాంతి స్థాపన అనే విషయంలో ఎం.ఏ. చేస్తున్నాను. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన మరుసటి ఏడాది అది. తెరుచుకున్న నీళ్ళలో వల ఎవరు వేయాలన్న తగువుతో రెండు లంక గ్రామాలకి మాటల్లేవు. ఇద్దరి మాటా రాసుకొస్తేనే నా చివరి సెమిస్టరు గట్టెక్కుతుంది. క్లాసులో అందరూ విదేశీ యుద్ధాలు తీసుకోవడంతో నాకు తోడెవరూ దొరకలేదు.

ఎదురు సీట్లో కూరగాయల గంపతో కూర్చున్నావిడ ఏం చదువుతున్నారని అడిగితే గొప్పగా చెప్పాను. ఆవిడ "అయితే పోలీసుల్లో ఉద్యోగం ఇస్తారాండీ?" అంది. కాదన్నాక జాలిపడి, దెందులూరు దాటేలోగా చేతిలో ఓ జామకాయ పెట్టింది.

ఏలూరు బస్టాండులో ఇడ్లీ తిని ఎనిమిదింటి బస్సు పట్టుకున్నాను. బస్సు ఆగిన మొదటి లంక దగ్గరే రోడ్డు అయిపోతుంది. ఆపైన నీళ్ళు, గుర్రపుడెక్క, దూరంగా గూడబాతులు. ఆ ఊరికి పెద్ద అయిన వెంకన్నగారు టీ ఇప్పించి, గంటసేపు తమ గోడు చెప్పారు. అవతలి లంకకి, కొట్టకుండా మిగిలిన గట్టు వెంట నడిచి వెళ్తానంటే ఒప్పుకోలేదు. "ఎండలో నడవడమెందుకండీ, మా దోనె మీద దింపేస్తాం" అన్నారు. ఆ మర్యాదకి మురిసిపోయి ఎక్కాను.

అవతలి రేవులో చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్ళు లోపలికెళ్ళిపోయారు. నాగమ్మగారనే పెద్దావిడ ఒక్కరే నిలబడ్డారు, అదీ నన్ను కాదు, దోనెని చూస్తూ.

"మీరు వాళ్ళ మనిషండీ. మంచినీళ్ళు తాగండి, మాటలు మాత్రం అడక్కండి."

నన్ను దింపిన దోనె తిరిగి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం దాకా రేవులో ఒక్కదాన్నే కూర్చున్నాను. ఎవరూ పలకరించలేదు, ఎవరూ పొమ్మనలేదు. చివరికి నాగమ్మగారే తమ దోనెలో నన్ను వెనక్కి పంపించారు.

అది చూసి వెంకన్నగారి ముఖం మారిపోయింది. "వాళ్ళ దోనెలో వచ్చారు కదండీ. పొద్దున నేను చెప్పినవి కొట్టేయండి" అని, నేను కొట్టేసేదాకా అక్కడే నిలబడ్డారు.

మీరెవరైనా వెళ్తే గట్టు వెంటే నడవండి. దూరమే గాని, అది ఎవరి దోనె కూడా కాదు.

సాయంత్రం ఏలూరులో పాసింజరు కిటకిటలాడింది. ఇంత దిగులు నాకెప్పుడూ వేయలేదు. పక్కనున్న పెద్దాయన ఏం చదువుతున్నావమ్మా అని అడిగారు. బీయెడ్ అని చెప్పి కిటికీ వైపు తిరిగాను.