బ్యాటరీలు మింగిన మాట

మదనపల్లె టమోటా మార్కెట్‌లో చెంగల్రాయుడి గొంతు ఎరుగని రైతు లేడు. మండీలో వేలం పాట పాడడం ఆయన పని. తెల్లవారేసరికి క్రేట్ల వరసల మధ్య నిలబడి, "పెద్దమండ్యం గంగులయ్య కాయ! రంగు సూడండప్పా, గట్టిదనం సూడండి!" అని ఒక్క కేక పెడితే, అవతల లారీల దగ్గర టీ తాగుతున్న వ్యాపారులు గ్లాసులు కింద పెట్టి వచ్చేవాళ్లు. మైకు కొనిస్తానని మండీ యజమాని గోవిందరాజులు ఎన్నోసార్లు అన్నాడు. "నాకు మైకు యాల సామీ, మైకుకే నేను కావాల" అని చెంగల్రాయుడు నవ్వేవాడు. కాస్త గర్వమే. ఉండనివ్వండి, ఆ గొంతుకు ఆ మాత్రం ఉండొచ్చు.

ఆయన పుట్టింది తంబళ్లపల్లె దగ్గర ఒక మెట్ట ఊళ్లో. చిన్నప్పుడు గొర్రెలు కాసేవాడు. గుట్టకు ఈ పక్క నుంచి అరిస్తే ఆ పక్క మంద తలలెత్తి చూసేది. వానలు ముఖం చాటేసి బోర్లు ఎండిపోయిన ఏడాది మందను అమ్మేసి, మదనపల్లె వచ్చి క్రేట్లు మోశాడు. ఒకనాడు పాట పాడే మనిషి జ్వరమొచ్చి రాలేదు. పొద్దెక్కిపోతోంది, కాయ మెత్తబడుతోంది. "రేయ్, నీకు నోరుండాది గదా, నువ్వు పాడు" అన్నాడు అప్పటి యజమాని, గోవిందరాజులు తండ్రి. ఆ తర్వాత చెంగల్రాయుడు మళ్లీ క్రేటు మోయలేదు. పెళ్లయ్యాక పుంగనూరులో ఇల్లు తీసుకుని, రోజూ మొదటి బస్సుకు మదనపల్లె పోయి వచ్చేవాడు.

ఇక్కడొక చిత్రం చెప్పాలి. ఏ ఊరి రైతు పేరైనా నాలుక చివర పెట్టుకున్న ఈ పెద్దమనిషి, కట్టుకున్న భార్యను మాత్రం ఏనాడూ పేరు పెట్టి పిలిచి ఎరుగడు. "ఇదో", "ఏమే", మరీ ముద్దొస్తే "ఇంట్లో ఎవురుండారు". అంతే. రుక్మిణమ్మ కూడా దాన్ని లోటనుకోలేదు. ఆ వీధిలో ఏ మగవాడు భార్యను పేరుతో పిలుస్తాడు గనక!

పోయిన ఏడాది వేసవిలో, మార్కెట్ కాయతో కిక్కిరిసి ఉన్నప్పుడు, పాట మధ్యలో చెంగల్రాయుడి మాట ముద్దైపోయింది. కుడి చెయ్యి ఎవరిదో అన్నట్టు వేలాడింది. గోవిందరాజులు వేలం ఆపించి, తన కారులోనే ఆసుపత్రికి పరిగెత్తించాడు. అక్కడి వాళ్లు పక్షవాతమని చెప్పి కుప్పం పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మంటే కుప్పం దాకా వెంట వెళ్లాడు. మనిషి బతికాడు. ఆ యజమాని కారు, ఆ డాక్టర్ల చెయ్యి, అన్నీ వేళకు అందాయి. అంత అదృష్టం అందరికీ పట్టదని చెంగల్రాయుడికి తెలుసు.

తెలివి వచ్చిన రోజు మంచం పక్కన రుక్మిణమ్మ ఉంది. మంచినీళ్లు అడగబోయాడు. గొంతులోంచి గరగరమని ఏదో వచ్చింది తప్ప మాట రాలేదు. అది వినగానే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చింది.

ఆ ఏడుపు చెంగల్రాయుడి గుండెలో దిగబడిపోయింది. మార్కెట్‌ను లేపి నిలబెట్టిన గొంతు కట్టుకున్నదాన్ని ఏడిపించే గొంతైపోయిందే అనుకున్నాడు. మాట బాగుపడేదాకా ఆమె ఎదుట నోరు తెరవకూడదని తీర్మానించుకున్నాడు. మొండివాడు రాజు కంటే బలవంతుడని పెద్దలు ఊరికే అనలేదు.

కుప్పంలో మాటలు నేర్పించే అమ్మాయి భారతి. చిన్న వయసే గానీ ఓపిక మాత్రం తాతలనాటిది. "తప్పులొచ్చినా సరే, ఇంట్లో మాట్లాడతానే ఉండాల పెద్దాయనా. నోరు కట్టేసుకుంటే మాట తిరిగి రాదు" అని వెళ్లిన ప్రతిసారీ చెప్పేది. చెంగల్రాయుడు బుద్ధిమంతుడిలా తలూపేవాడు. పుంగనూరులో బస్సు దిగగానే మళ్లీ మూగనోమే. రుక్మిణమ్మ ఏదడిగినా తలూపడం, చెయ్యి చూపించడం. పాపం ఆమె ఆ సైగలన్నీ నేర్చేసుకుంది, అదే వచ్చిన చిక్కు.

ఒక రోజు గోవిందరాజులు చూడ్డానికి వచ్చాడు. పొద్దుపోక కూర్చున్న మనిషిని చూసి మనసొప్పక, తన ఇంట్లో ఉన్న సినిమాలు చూసే చిన్న పెట్టెను తెచ్చి టీవీకి తగిలించి, రిమోట్ చేతిలో పెట్టిపోయాడు. రుక్మిణమ్మ మొదట చేసిన పని, ఆ రిమోట్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టి రెండు పక్కలా రబ్బరు బ్యాండ్లు వెయ్యడం. ఆ ఇంట్లో కొత్త వస్తువు ఏదైనా కవరులోనే పుట్టి కవరులోనే పెరగాలి. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డలు మాత్రం గుండ్రాళ్లలా ఉండాలి అనే రకం ఆమెది.

ఆమె బడిలో మధ్యాహ్న భోజనం వండే పనికి పొద్దున వెళ్తే పిల్లల తిండ్లయ్యాక వస్తుంది. అప్పటిదాకా ఇంట్లో ఆయనొక్కడే. ఒక పొద్దున ఏదో మీట నొక్కబోయి, పైనున్న మైకు బొమ్మ మీట నొక్కాడు. టీవీలో ఒక గీత వెలిగి, వింటున్నట్టు కదులుతూ ఆగింది. "ఆ..." అన్నాడు చెంగల్రాయుడు, తెలియకుండానే. మళ్లీ చెప్పమని తెర మీద అక్షరాలు వచ్చాయి.

మళ్లీ చెప్పమంది! జాలిపడలేదు, ఏడవలేదు, తల పక్కకు తిప్పుకోలేదు. మళ్లీ చెప్పు అంది, అంతే. ఆయన ఎడమ బొటనవేలితో మీట అదిమిపట్టి "టమోటా" అన్నాడు. అది ఇంకేదో రాసింది. మళ్లీ అన్నాడు. పక్కింటి కుక్కరు కూతలు పెట్టినా పట్టించుకోకుండా అంటూనే ఉన్నాడు. వారం తిరిగేసరికి తెర మీద టమోటా ఊరగాయ పెట్టే వీడియోలు ప్రత్యక్షమయ్యాయి. ముప్పై ఏళ్లు అమ్మిన కాయే గానీ, అది కనబడినప్పుడు ఆయనకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆ తర్వాత రోజుకో మాట. బస్సు, సంగటి, గొర్రె, గంగులయ్య. రుక్మిణమ్మ గడప దాటడం ఆలస్యం, ఇల్లు మళ్లీ వేలం జరిగే మండీ అయిపోయేది. ఆమె చెప్పుల చప్పుడు వినగానే టీవీలో ఏదో ఒక నాటకం పెట్టుకుని మాటెరగని వాడిలా కూర్చునేవాడు.

బ్యాటరీలు మాత్రం ఎవరి నటనా నమ్మవు కదా. నెలల తరబడి రావలసినవి వారానికే చచ్చిపోవడం మొదలుపెట్టాయి.

"ఇవి యాడికి పోతాండాయప్పా? ఎలకలు గాని తాగతాండాయా?" అని రుక్మిణమ్మ ఆశ్చర్యపోయింది. తీసి కొంగుతో తుడిచి పెట్టింది. పళ్లతో నొక్కి చూసింది. వడియాల పక్కన ఎండలో ఆరబెట్టింది. ఎండకు లేచి కూర్చున్న బ్యాటరీలు మర్నాడు మళ్లీ పడుకున్నాయి. చెంగల్రాయుడికి నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. పొయ్యి దగ్గర పొగలో నిలబడి తెచ్చుకున్న కూలితో ఆమె కొత్తవి కొని తెస్తుంటే, తన మాట ఆమె చెమటను తాగుతోంది అనిపించేది. ఆ అప్పు తీర్చేందుకు ఆయన మనసులో ఒకటి అనుకున్నాడు. ఆమెతో మాట్లాడే మొదటి మాట ఆమె పేరే కావాలి, అదీ నిండుగా, పూర్వపు గొంతుతో.

అది ఎంత గట్టి పేరో అప్పుడు తెలిసింది. 'రు' వస్తుంది, నడిమి అక్షరం దగ్గర నాలుక మడత పడిపోతుంది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అదే పేరు. బ్యాటరీలు ఇంకా వేగంగా కరిగాయి.

చివరికి ఆమె రిమోట్‌ను బస్టాండు దగ్గర టీవీలు బాగుచేసే జిలాన్ దగ్గరికి తీసుకెళ్లింది. జిలాన్ కవరు చూసి నవ్వాడు. "ఈ రబ్బరు బ్యాండు సూడక్కా, మైకు బటన్ మీదనే కూసోని ఉండాది. పగలూ రాత్రీ అది నొక్కుకోనే ఉంటే బ్యాటరీ దిగిపోకుండా ఏం జేస్తాది?" అన్నాడు. రుక్మిణమ్మ నాలుక కరుచుకుని కవరు ఊడదీసింది. గుట్టు దొరికిందని ఇద్దరూ సంతోషపడ్డారు. కవరు అడ్డం పోయాక రిమోట్‌కు మాట ఇంకా బాగా వినబడసాగింది. ఇంట్లో ఉన్నాయన ఇంకా ఎక్కువ మాట్లాడాడు. ఈసారి బ్యాటరీలు వారం కూడా ఆగలేదు.

జిలాన్‌కు కూడా విసుగొచ్చింది. "దాంట్లోనే ఏదో లోపముండాదక్కా. నా దగ్గర మైకు లేని మామూలు రిమోటుండాది. ఈ పెట్టెకు పని జేస్తాది, ఏడాదైనా బ్యాటరీ అడగదు. ఇది నాకిచ్చేసి అది తీస్కపో" అన్నాడు.

మర్నాడు పొద్దున రుక్మిణమ్మ ఆ సంగతి చెబుతూనే రిమోట్‌ను సంచిలో వేసుకుంది. "ఇంక ఈ పీడ వదిలిపోతాదిలే. బడికి పోతా దోవలో ఇచ్చేసి వస్తా" అంది. చెంగల్రాయుడు అడ్డంగా తలూపాడు. ఆమె ఆ సైగను ఎప్పటిలాగే తనకు తోచినట్టు అర్థం చేసుకుంది. "భయం లేదు, సినిమాలన్నీ వస్తాయంట. మధ్యాన్నం కొత్తది నీ సేతిలో పెడతా గదా" అంది. ఆయన సంచి పట్టుకున్నాడు. ఆమె మెల్లగా వేళ్లు విడిపించి, చెంప నిమిరి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

వాకిలి ఖాళీ అయింది. ముందురోజే ఆ పేరు తెర మీద ఒక్కసారి తప్పు లేకుండా పడింది. ఇంకొక్క వారం దొరికితే చాలనుకున్నాడు. ఇప్పుడు మళ్లీ చెప్పమని అడిగే దిక్కే పోతోంది. మామూలు రిమోట్ ఏడాదంతా బ్యాటరీ అడగదు, ఏడాదంతా ఆయన్ను మాటా అడగదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అడగడానికి నోరు కావాలి.

చెంగల్రాయుడు కర్ర అందుకుని గడప దాటాడు. వీధి చివర ఆమె ముదురు పచ్చ చీర కనబడుతోంది. మధ్యలో పాలవాడి బండి, ఆటోలు, కొళాయి దగ్గర బిందెల గోల. ఇంకో నాలుగడుగులైతే మలుపు తిరిగిపోతుంది. ఎలాంటి గొంతు వస్తుందో, ఆమె మళ్లీ ఏడుస్తుందో, వీధి నవ్వుతుందో ఆలోచించే వ్యవధి లేదు. క్రేట్ల మధ్య నిలబడ్డట్టు కాళ్లు ఎడం చేసి, ఛాతీ నిండా గాలి పీల్చాడు.

"రుక్మిణీ!"

కొళాయి దగ్గర బిందెలు ఆగాయి. ఆటోవాడు తల బయటపెట్టి చూశాడు. మలుపు దగ్గర రుక్మిణమ్మ నిలబడిపోయింది. తన పేరు అంత గట్టిగా ఎవరు పిలిచారా అని అటూ ఇటూ చూసింది. ఇంటి వైపు చూడాలని మాత్రం ఆమెకు తోచలేదు.

"రుక్... మిణీ!"

అప్పుడు చూసింది. సంచి గుండెలకు అదుముకుని, చీర కుచ్చిళ్లు తొక్కుకుంటూ పరిగెత్తి వచ్చింది. చెంగల్రాయుడు సంచి వైపు చెయ్యి చాపి, ఒక్కో మాటా ఏరుకుంటూ, "అది... నాది. మాట... నేర్... పింది" అన్నాడు.

రుక్మిణమ్మ రిమోట్‌ను చూసింది, ఆయన్ను చూసింది. ఎలకలు ఎక్కడున్నాయో ఆమెకు అర్థమైంది. అరుగు మీద కూలబడి ఏడ్చింది. చెంగల్రాయుడి ముఖం మాడిపోయింది. "ఏడవ... ద్దు" అన్నాడు. "అందుకే... ఇన్నాళ్లు..." ఆసుపత్రి మంచం, నీళ్లు అడగబోయిన రోజు, చేత్తోనూ మాటతోనూ సగం సగం చెప్పాడు.

ఆమె కళ్లు తుడుచుకోవడం కూడా మరచి ఆయన వైపే చూసింది. "దానికా నువ్వు నోరు కట్టేసుకున్యావు? ఓరి నా పిచ్చి మారాజా! నీ గొంతులో ఇంక శబ్దమే రాదేమోనని డాక్టరమ్మ ముందురోజే చెప్పిండె. అట్లాంటిది ఆ పొద్దు నువ్వు గర్రుమంటివి సూడు, అదేదో నాకు దేవుడు పలికినట్టాయ. ఆ సంతోషానికి ఏడిస్తి నేను!"

చెంగల్రాయుడు ఆమె పక్కనే అరుగు మీద కూర్చున్నాడు. ఎవరి మీద కోపగించుకోవాలో తెలియలేదు. కోపం రాలేదు కూడా. గోవిందరాజులు పెట్టె గుర్తొచ్చింది, భారతి ఓపిక గుర్తొచ్చింది. ఎండలో బ్యాటరీలు ఆరబెట్టి, అడగకుండా కొత్తవి కొని తెచ్చిన ఈ చేతుల్ని ఎడమ చేత్తో మెల్లగా నిమిరాడు.

బడికి వేళ మించిపోతోంది. అయినా ఆమె లేవలేదు. కొంగుతో రిమోట్ తుడిచి ఆయన ఎడమ చేతిలో పెట్టి, చుట్టూ వీధి చూస్తోందన్న వెరపు లేకుండా, "ఏమప్పా, ఇంగోసారి పిలు" అంది.

ఆయన పిలిచాడు. ఈసారి కేక లేదు, బలం లేదు, నడిమి అక్షరం నాలుక మీదే ఆగిపోయి పేరు సగమే వచ్చింది. సిగ్గుతో తల దించుకోబోయాడు.

"సగమైనా నాదే గదా" అంది రుక్మిణమ్మ. "మళ్లీ జెప్పు."